తలకిందుల టమాట సాగు

టమాట మొక్కను పాత్ర అడుగున చేసిన రంధ్రం గుండా కిందికి వేలాడేటట్లు నాటి, ఆ పాత్రను పైన కొక్కేనికి తగిలించి పెంచే ఇంటితోట పద్ధతి. వేరు పైన ఉంటుంది, కొమ్మలు కింద ఉంటాయి. నీళ్లు, ఎరువు పాత్ర పై మూతి నుంచి పోస్తారు. కాయలు కింద నిలబడి తెంపుకుంటారు. పెరడు లేని ఇళ్లలో, బాల్కనీల్లో, వసారాల్లో, మిద్దెల మీద ఇనుప పైపుల చట్రాలకు ఈ విధంగా పెంచుతారు. పాత నూనె డబ్బాలు, రంగు డబ్బాలు, నీళ్ల క్యాన్లు, గుడ్డ సంచులు ఇందుకు పనికివస్తాయి.

ఇది అభిరుచి స్థాయి పద్ధతి. మదనపల్లె వంటి పెద్ద మార్కెట్లకు వచ్చే టమాట అంతా నేల మీద, ఎక్కువగా కట్టెలు, తీగల ఆసరాతో పండినదే.

పేర్లు

టమాట శాస్త్రీయ నామం సొలానమ్ లైకోపెర్సికమ్. వంకాయ, ఆలుగడ్డ, మిరప, నేలములక కూడా టమాట కుటుంబానికే చెందుతాయి. టమాట అన్న మాట మెక్సికో ఆదివాసుల నాహువాటిల్ భాషలోని 'టొమాటిల్' నుంచి స్పానిష్, ఆంగ్లాల మీదుగా తెలుగులోకి వచ్చింది. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ల నోట రామములక్కాయ అన్న పేరు వినిపిస్తుంది. తలకిందుల సాగుకు తెలుగులో స్థిరపడిన ఒకే పేరు లేదు. ఇంటితోటల వాళ్లు 'వేలాడే టమాట', 'తలకిందుల కుండీ' అని రెండు రకాలుగానూ అంటారు. అయితే వేలాడే కుండీ అన్న మాట మామూలుగా తల పైకి ఉండే మొక్కల కుండీకి కూడా చెల్లుతుంది కాబట్టి, ఈ వ్యాసంలో 'తలకిందుల' అన్న విశేషణాన్నే వాడాం.

చరిత్ర

టమాట పుట్టిల్లు దక్షిణ అమెరికా పశ్చిమ భాగంలోని ఆండీస్ ప్రాంతం. దాన్ని పంటగా మలిచింది మెక్సికో ప్రాంతపు జనం. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ల ద్వారా ఐరోపాకు, ఆ తర్వాత పోర్చుగీసు వాళ్ల ద్వారా భారతదేశానికి చేరింది. ఇవాళ టమాట పప్పు, టమాట తొక్కు లేని తెలంగాణ వంటిల్లు ఊహకు అందదు గాని, చింతపండుతో పోలిస్తే ఇది మన వంటకు కొత్త చుట్టమే.

పాత్రను పైకి తగిలించే అలవాటు మాత్రం తెలుగు ఇళ్లకు పాతది. పాలు, పెరుగు, వెన్న కుండలను పిల్లికి, చీమకు అందకుండా దూలానికి వేలాడదీసే ఉట్టి ఇందుకు మూలరూపం (చూ. ఉట్టి). అల్లికలోని నాలుగు తాళ్లు పాత్ర బరువును సమానంగా పంచుకుంటాయి. నేటి వేలాడే కుండీ తాళ్ల అమరిక కూడా అదే. సొర, బీర, చిక్కుడు తీగలను పందిరి మీదికి, ఇంటి కప్పు మీదికి పాకించి కాయను కిందికి వేలాడనివ్వడం కూడా పాత పద్ధతే (చూ. పందిరి సాగు). అందులో మొక్క వేరు నేలలోనే ఉంటుంది. వేరునే పైకెత్తడం కొత్త.

మొక్కను తలకిందులు చేసి చూడటం మొదట ప్రయోగశాల పని. మొక్క పైకీ కిందికీ తేడా ఎలా తెలుసుకుంటుందన్న ప్రశ్నకు ఇంగ్లండులో థామస్ ఆండ్రూ నైట్ 1806లో ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధం. ఆయన మొలకెత్తే గింజలను నీటితో తిరిగే చక్రానికి కట్టాడు. వేళ్లు చక్రం బయటివైపుకు, మొలకలు మధ్యవైపుకు పెరిగాయి. వేరు, కాండం దిశను నిర్ణయించేది బరువును లాగే బలమేనని దానితో తేలింది. 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ మొక్కల కదలికల మీద వెలువరించిన గ్రంథం ఈ పరిశీలనను ముందుకు తీసుకుపోయింది.

ఇంటితోట పద్ధతిగా దీనికి ప్రచారం వచ్చింది 2000 దశకపు అమెరికాలో. 'టాప్సీ టర్వీ' అనే సంచి వంటి పాత్రను అక్కడ టీవీ ప్రకటనలతో అమ్మారు. దాన్ని చూసి చాలామంది ఇంట్లోని బకెట్లకే రంధ్రాలు చేసుకున్నారు. అలంకార మొక్కల కోసం న్యూజిలాండ్‌కు చెందిన ప్యాట్రిక్ మోరిస్ రూపొందించిన 'స్కై ప్లాంటర్' కూడా ఈ కోవలోదే.

తెలుగునాట ఈ పద్ధతి ఒంటరిగా కాక మిద్దెతోటల వెంట వచ్చింది (చూ. మిద్దెతోట). సాక్షి దినపత్రిక 'ఇంటిపంట' శీర్షిక, ఉద్యాన శాఖ 'మన ఇంటి కూరగాయలు' పథకం, కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి కప్పు మీద పెంచిన తోట, ఆ అనుభవంతో రాసిన 'మిద్దెతోట' పుస్తకం ఇంటి పైకప్పును సాగు చోటుగా చూడటం నేర్పాయి. ఈ తోటల్లో పాత డబ్బాల వాడకం మామూలు విషయమైంది. వాటిలో ఒకటి తలకిందులైంది.

మొక్క స్పందన: శాస్త్ర వివరణ

తలకిందులుగా నాటిన టమాట తలకిందులుగానే పెరుగుతుందనుకోవడం తప్పు. సాయంత్రం వేలాడదీసిన నారు మొక్కను తెల్లవారి చూస్తే దాని లేత కొన అప్పటికే పక్కకు వంగి ఉంటుంది. మరో రెండు రోజుల్లో చేప గాలం ఆకారంలో పైకి తిరుగుతుంది. ముదిరిన భాగం మాత్రం కిందికే ఉండిపోతుంది, ఎందుకంటే వంపు ఎదుగుతున్న లేత భాగంలోనే సాధ్యం.

కాండం లోపలి పొరలోని కొన్ని కణాల్లో పిండిపదార్థంతో బరువెక్కిన రేణువులు ఉంటాయి. కాండం పడుకున్నా, తిరగబడినా ఇవి కొత్తగా కిందివైపు అయిన చోటికి జారి చేరతాయి. దానితో ఆక్సిన్ అనే హార్మోను కిందివైపు ఎక్కువగా పోగవుతుంది. కాండంలో ఆక్సిన్ ఎక్కువైన వైపు కణాలు ఎక్కువగా సాగుతాయి. అందుకని కొన పైకి వంగుతుంది. వేరులో ఇదే హార్మోను ఎక్కువైతే కణాల సాగుదల తగ్గుతుంది కాబట్టి అది కిందికి వంగుతుంది. 1920ల్లో ఖొలోద్నీ, వెంట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా ప్రతిపాదించిన సిద్ధాంతం ఇది. భూమి లాగే దిశను బట్టి వంగే ఈ గుణమే గురుత్వానువర్తనం (చూ. గురుత్వానువర్తనం). బాల్కనీలో వెలుతురు ఒకే పక్క నుంచి వస్తుంది గనుక కాంతివైపు వంగే గుణం కూడా దీనికి తోడవుతుంది. చివరికి కొన ఏ దిక్కుకు తిరగాలో నిర్ణయించేది చాలావరకు ఈ వెలుతురే.

కాయలు బరువెక్కాక పైకి తిరిగిన కొమ్మ మళ్లీ కిందికి వాలుతుంది. కొన పైకి లేస్తుంది, కాయ కిందికి లాగుతుంది. ఎదిగిన తలకిందుల మొక్కలో కనిపించే గజిబిజి వంపులు ఈ పోటీ ఫలితమే.

ఈ పద్ధతి గురించి తరచుగా వినిపించే ఒక మాట, నీరు పై నుంచి దిగుతుంది కాబట్టి కాయకు పోషణ సులువుగా అందుతుందని. ఇది నిలవదు. మొక్కలో నీటిని లాగేది ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు కలిగించే ఈడ్పు. దాని బలం అనేక వాతావరణ పీడనాలకు సమానం. ఒక మీటరు ఎత్తు నీటిస్తంభం బరువు పదో వంతు వాతావరణ పీడనం మాత్రమే. మొక్క పైకి ఉన్నా కిందికి ఉన్నా ఆ తేడా లెక్కలోకి రాదు.

పరాగసంపర్కానికి మాత్రం తలకిందులు కావడం అడ్డు కాదు. టమాట పువ్వు మామూలు మొక్కలో కూడా తలవంచుకునే ఉంటుంది. కేసరాల గొట్టం నుంచి పుప్పొడి అదే పువ్వు కీలాగ్రం మీద రాలుతుంది. దానికి కావలసింది కాస్త కదలిక. వేలాడే పాత్రకు గాలి ఊపు బాగా తగులుతుంది. గాలి ఆడని వసారాలో ఉదయం పది గంటల వేళ పూగుత్తిని వేలితో మీటితే సరిపోతుంది.

పాత్రలు

గట్టి ప్లాస్టిక్ డబ్బా అన్నిటికంటే ఎక్కువ వాడుకలో ఉంది. 15 లీటర్ల వంటనూనె డబ్బా, 20 లీటర్ల రంగు డబ్బా దొరకడం సులువు. వాటికి పిడి కూడా ఉంటుంది. నూనె డబ్బాను సబ్బుతో కడిగితే చాలు. రంగు డబ్బా విషయంలో లోపల ఎండిన రంగు పొర పూర్తిగా ఊడేదాకా గీకి కడగాలి, ఊడకపోతే తినే పంటకు వాడకూడదు. రేకు డబ్బా ఎండకు కాలుతుంది, తుప్పు పడుతుంది. నలుపు రంగు డబ్బా కంటే తెల్లది మేలు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో టమాట పెంచిన ఫోటోలు ఆకట్టుకుంటాయి గాని, అంత తక్కువ మట్టిలో కాపు దాకా వచ్చేవి చిట్టి రకాలే.

గుడ్డ సంచి రెండో రకం. పత్తి గుడ్డ, గోనె సంచి తడికి ఒక్క పంటకాలంలోనే చివికిపోతాయి. పాలిస్టర్ గుడ్డ చివకదు. ఉత్తర తెలంగాణలోని సిరిసిల్ల మరమగ్గాల మీద నేసేది ఎక్కువగా పాలిస్టరే కాబట్టి ఆ ప్రాంతంలో సంచి కుట్టుకోదలచిన వాళ్లకు సరుకు కొరత లేదు.

తయారీ, నాటడం

డబ్బా అడుగున మధ్యలో సుమారు 5 సెంటీమీటర్ల రంధ్రం చేస్తారు. చాకుతో కోస్తే అడుగు చీలుతుంది. కాల్చిన ఇనుప గొట్టంతో గుండ్రంగా అదిమితే అంచు నున్నగా వస్తుంది. కరిగే ప్లాస్టిక్ పొగ పీల్చకుండా ఆ పని ఆరుబయట చేయాలి. రంధ్రానికి సరిపడా స్పాంజి ముక్కను లేదా కొబ్బరి పీచు పట్టీని అంచు నుంచి మధ్య దాకా ఒక గాటు పెట్టి సిద్ధం చేసుకుంటారు. మొక్క మెడను పట్టేది, మట్టి జారకుండా ఆపేది ఇదే.

నారు మొక్క 25 నుంచి 30 రోజులది, జానెడు ఎత్తుది కావాలి. నాటే ముందు పూట నీళ్లు పెట్టకపోతే కాండం కొంచెం మెత్తబడి విరగదు. మొక్క తలను వార్తాపత్రిక ముక్కలో పొట్లంలా చుట్టి, డబ్బా లోపలి నుంచి రంధ్రం గుండా కిందికి దింపుతారు. ఆకులు బయటికి వచ్చాక కాగితం లాగేస్తారు. వేరుముద్ద లోపల నిలుస్తుంది. స్పాంజి గాటులో కాండాన్ని ఇరికించి, పై నుంచి మట్టి మిశ్రమం నింపుతారు. కాండంలో నాలుగు వేళ్ల మేర మట్టిలో ఉండేలా చూడాలి. టమాట కాండం మట్టి తగిలిన చోటల్లా కొత్త వేళ్లు వేస్తుంది, ఆ వేళ్లే తర్వాత మొక్క బరువును పట్టి ఉంచుతాయి.

కొందరు డబ్బాకు మూత బిగించి, రెండు మూడు వారాలు బోర్లించి ఉంచుతారు. అప్పుడు మొక్క మామూలుగా పైకి పెరిగి వేరు పాతుకుంటుంది. తర్వాతే డబ్బాను తిప్పి తగిలిస్తారు. పని ఒకటి ఎక్కువైనా మొక్క జారిపడే ప్రమాదం దీనిలో తక్కువ.

మట్టి మిశ్రమంలో బరువే ముఖ్యం. రెండు పాళ్లు కొబ్బరి పొట్టు, ఒక పాలు బాగా చివికిన పెంట ఎరువు లేదా వానపాముల ఎరువు, ఒక పాలు చెల్క మన్ను కలిపితే 15 లీటర్ల డబ్బా తడిసినప్పుడు సుమారు 12 నుంచి 15 కిలోలు తూగుతుంది. ఉత్త మన్ను నింపితే 25 కిలోలు తేలిగ్గా దాటుతుంది. కొబ్బరి పొట్టు ఖరీదనుకుంటే, ఉత్తర తెలంగాణలో ఉనుక అనే వరి ఊకను కొంత కలుపుతారు. వాగు ఇసుక నేల మీది కుండీకి మంచిదే గాని వేలాడే డబ్బాకు వట్టి బరువు. రేగడి మన్ను తడిస్తే ముద్ద, ఎండితే పగుళ్లు. చారెడు వేపపిండి, కొంచెం జిప్సం కలపడం పరిపాటి.

తాడు, కొక్కెం విషయంలో పొదుపు పనికిరాదు. సుతిలి తడికి మురిగిపోతుంది, నైలాన్ తాడు గాని ఇనుప గొలుసు గాని వాడాలి. కాయలతో నిండిన డబ్బా 18 కిలోలు ఉంటుందనుకుంటే దానికి రెట్టింపు మోసే కొక్కెం ఉండాలి. చాలా ఇళ్లలో స్లాబు పోసేటప్పుడే ఊయల కోసం వేయించిన ఇనుప కొక్కేలు ఉంటాయి, అవి దీనికి ధారాళంగా సరిపోతాయి. పెంకుటింట్లో వాసానికి కాక దూలానికి కట్టాలి.

డబ్బా పై మూతి ఖాళీగా వదలకుండా కొత్తిమీర, మెంతి చల్లుకుంటారు. వాటి నీడ మట్టి తేమను కాపాడుతుంది, కూరకు ఆకు దొరుకుతుంది.

రకాలు

పొట్టి కొమ్మల, చిన్న కాయల రకాలు అనువైనవి. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా చెర్రీ టమాట-1 చిట్టి కాయల రకం, అయితే తీగలా సాగుతుంది కనుక కొన తుంచుతూ ఉండాలి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క వికాస్ వేడిని, నీటి ఎద్దడిని కొంత ఓర్చుకుంటుంది. అదే సంస్థ సంకరం అర్క రక్షక్ ఆకుముడత, బాక్టీరియా వడలు, ఆకుమాడు తెగుళ్లు మూడింటినీ తట్టుకుంటుంది, కానీ దాని పెద్ద కాయలు వేలాడే కొమ్మకు భారం.

వేములవాడ పరిసరాల్లో అనుకూలత

వేములవాడ రాజన్న సిరిసిల్ల జిల్లాలో మూలవాగు ఒడ్డున ఉన్న పుణ్యక్షేత్రం. రాజరాజేశ్వరస్వామి గుడికి, కోడె మొక్కుకు ప్రసిద్ధి. గుడి చుట్టూ ఇళ్లు, యాత్రికుల వసతి గృహాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఇలాంటి ఇరుకు ఊళ్లో వేలాడే సాగుకు సహజమైన చోటు బాల్కనీ. అయితే ఏ బాల్కనీ, ఏ కాలం అన్నదాని మీదే ఫలితం ఆధారపడుతుంది.

వేములవాడ ఉన్న ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో, పొరుగున ఉన్న ఆదిలాబాద్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలను తాకుతుంది, కొన్నేళ్లు దాటుతుంది. టమాటకు పగలు 35, రాత్రి 25 డిగ్రీలు మించితే పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. కాయకు ఎర్రదనం ఇచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు బాగా దాటితే సరిగా తయారు కాదు, కాయ పసుపు, నారింజ రంగుల్లో ఆగిపోతుంది. నేలలోని వేరుకు చల్లదనం ఉంటుంది. గాలిలో వేలాడే డబ్బాకు అన్ని పక్కలా వేడిగాలే. అందుకే ఇక్కడ ఇది యాసంగి పంట: సెప్టెంబరు మధ్యలో నారు పోసి, అక్టోబరు మధ్యలో నాటాలి. జూన్, జులైలో నాటితే ముసురు తడికి ఆకు తెగుళ్లు, జనవరి దాటాక నాటితే పూత వేళకు ఎండలు.

వేములవాడ సుమారు 18.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణ దిక్కున 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం వైపు బాల్కనీ అంచున స్లాబు కింద వేలాడే మొక్కకు ఆ కాలంలో ఎండ నిండుగా తగులుతుంది. మే మధ్య నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు అదే స్లాబు మొక్కకు గొడుగవుతుంది. ఉత్తరం వైపు బాల్కనీలో శీతకాలంలో ఎండే పడదు, అక్కడ టమాట పెట్టడం వృథా. మిద్దె మీద ఆరుబయట చట్రానికి కట్టినవాళ్లు ఫిబ్రవరి నుంచే నీడవల వేయాలి.

పాశ్చాత్య తోటపని పుస్తకాలు ఈ పద్ధతి ప్రయోజనాల్లో మొదట చెప్పేది నేల పురుగు, జంతువు అందుకోలేవని. ఆ పుస్తకాలు రాసినవాళ్లకు కోతుల సంగతి పట్టలేదు. వేములవాడ గుడి ప్రాంతంలో, ఉత్తర తెలంగాణ పల్లెల్లో కోతులు కూరగాయల సాగుకు పెద్ద బెడద. నిర్మల్ దగ్గర చించోలి (బి)లో 2020లో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం తెరవాల్సి వచ్చిందంటే సమస్య తీవ్రత తెలుస్తుంది. పండిన టమాటల డబ్బా వాటికి ఊయల, పళ్లెం రెండూ. దూకిన ఊపుకు సన్న కొక్కెం ఊడిరావచ్చు. ఇనుప జాలీ బిగించిన బాల్కనీ ఒక్కటే నమ్మదగిన చోటు. జాలీ లేకపోతే కాయ రంగు తిరగడం మొదలైన నాడే తెంపి ఇంట్లో మగ్గబెట్టుకోవాలి, రుచి పెద్దగా తగ్గదు. మేకలు, పశువుల బెడద మాత్రం ఈ పద్ధతితో నిజంగానే తీరుతుంది.

నీరు, చీడపీడలు

చలికాలంలో రోజుకు ఒకసారి, ఎండలు ముదిరితే రెండు పూటలా నీళ్లు పోయాలి. వేలు రెండు కణుపులు దిగితే తడి తగలాలి. ఒక రోజు ఎండబెట్టి మరో రోజు ముంచెత్తితే కాయ అడుగున నల్లటి మచ్చ పడి కుళ్లుతుంది. కాల్షియం కాయ కొనదాకా చేరకపోవడం దీనికి కారణం, మట్టిలో సున్నం ఉన్నా తడి నిలకడగా లేకపోతే ఇది తప్పదు. అడుగు రంధ్రం నుంచి కారే నీరు కాండం మీదుగా ఆకుల మీదికి దిగడం ఈ పద్ధతిలోని పుట్టుకతో వచ్చిన లోపం. సాయంత్రం కాక ఉదయమే పోస్తే ఆకులు ఎండకు ఆరతాయి, మచ్చ తెగులు తగ్గుతుంది. నీటితో పాటు ఎరువు సారమూ కారిపోతుంది గనుక పది పదిహేను రోజులకొకసారి పలచని ఎరువు నీళ్లు అందించాలి.

మట్టి ద్వారా వచ్చే వడలు తెగులు, వేరుబుడిపె నులిపురుగులు కొత్త మిశ్రమంలో అరుదు. ఎగిరే పురుగులకు మాత్రం ఎత్తు అడ్డంకి కాదు. ఆకుముడత వైరస్‌ను మోసే తెల్లదోమ, కాయతొలుచు పురుగు, 2014లో భారతదేశంలో మొదట కనిపించిన టూటా పురుగు వేలాడే మొక్క మీదా వాలతాయి. పసుపు జిగురు అట్టలు, వేపనూనె పిచికారీ ఇంటి స్థాయిలో వాడే ఉపాయాలు.

ప్రయోజనాలు, పరిమితులు

ఊతకర్ర, కలుపు, నేల జాగా అక్కర్లేకపోవడం ఈ పద్ధతి మేళ్లు. దిగుబడి పెరుగుతుందన్న ప్రచారానికి ఆధారం లేదు. అదే 15 లీటర్ల మట్టిని నేల మీది కుండీలో పోసి, ఒక కర్ర పాతి నాటిన టమాట కనీసం అంతే కాస్తుంది, నీళ్లు తక్కువ తాగుతుంది, కొనను పైకి తిప్పుకునే శ్రమ దానికి ఉండదు. కుండీ పెట్టే చోటున్న ఇంటికి తలకిందుల సాగు అవసరం లేదు. చోటు లేని ఇంటికి, గురుత్వానువర్తనాన్ని పిల్లలకు కళ్లారా చూపాలనుకునే బడికి ఇది తగిన పద్ధతి.

అక్టోబరు మధ్యలో నాటిన డబ్బా నుంచి డిసెంబరు చివర తొలి కాయలు దిగుతాయి. కాపు మార్చి దాకా సాగుతుంది. ఏప్రిల్‌లో డబ్బా దింపి మట్టిని ఎండలో ఆరబెడతారు. ఆ మట్టిలో మరుసటి పంటగా టమాట, వంగ, మిరప వేయరు. ఆకుకూరలు గాని, బీర, సొర వంటివి గాని వేసుకుంటారు.